గోడమీది రొట్టె

ఫెర్గానా లోయలో ఊరు దాటేవాడు రొట్టె ఓసారి కొరికి వెళ్తాడు. అది గోడకు వేలాడుతూ అతని కోసం కాచుకుంటుంది. తిరిగొచ్చి దాన్నే తినాలి.

సోవియట్ రోజుల్లో ఫుట్‌బాల్ జట్టు బస్సు నదిలో పడింది. చిన్నప్పుడే ముందుపన్ను ఊడిన స్ట్రైకర్ హమ్‌దమ్ బతికాడు, అతనితో ఒకే గదిలో ఉండే యోల్చి పోయాడు. ఆ గది గోడకు ఇద్దరూ కొరికి వెళ్లిన రెండు రొట్టెలున్నాయి. హమ్‌దమ్ ఏడుస్తూ చేతికందింది తినేశాడు.

ఆ తర్వాత గోల్స్ అన్నీ ఎడమకాలితోనే. అది యోల్చి ఆట. కోచ్ అయ్యాకా కుర్రాళ్లు ఏడిపించేవారు: "గురువుగారూ, కుడికాలు అద్దెకిచ్చారా?"

ముసలితనంలో, సున్నం వేయడానికి భార్య అతను ఇన్నేళ్లూ ఇంటి గోడకు ఉంచుకున్న ఆ మిగిలిన రొట్టె దించింది.

"ఏమయ్యా, ఈ కాటులో ముందుపన్ను గుర్తు లేదే, అచ్చం నీ కాటులా!"

అతను దాన్ని ఎడమచేత్తో లాక్కుని మళ్లీ మేకుకు తగిలించాడు.

"ముట్టుకోకు. హమ్‌దమ్ ఇంకా ఇంటికి రాలేదు."