బాలకిష్టమ్మ సంతకం

ఈ ఉదయం ఆఫీసు గదిలో కొత్త స్టాంపుప్యాడు మూత తీశాను. ఊదారంగు సిరా వాసన ముక్కుకు తగలగానే మూత మళ్లీ పెట్టేశాను. మార్చి నెలలో ఆ వాసన నాకు అసలే పడదు. ఆత్మకూరు దగ్గరి ఈ హైస్కూలుకు హెడ్మాస్టరుగా వచ్చి మూడేళ్లయినా, ఏ కాగితమైనా రెండు మూడుసార్లు చదివితే గానీ దాని మీద ముద్ర వేయను. మా టీచర్లు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. వాళ్లు బాలకిష్టమ్మను చూడలేదు.

అప్పట్లో నేను పాన్‌గల్ మండలంలోని ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు ఇన్‌చార్జి హెడ్మాస్టరుని. ఇద్దరు టీచర్లం, రెండు గదులు, ముందొక వరండా. బడికి వచ్చే సర్కారు డబ్బు ఖర్చు పెట్టాలంటే నా సంతకం ఒక్కటీ చాలదు, తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ సంతకం కూడా కావాలి. ఆ చైర్మనే బాలకిష్టమ్మ. నాలుగెకరాల చెలకలో పల్లికాయ వేసుకునే మనిషి. మనవరాలు మంజుల మా బడిలోనే చదివేది. ఆమె మహిళా సంఘంలో చేరాక సంతకం నేర్చుకుంది. నేను ఒక పేజీ రాసేంతసేపట్లో తన పేరు పూర్తి చేసేది.

మొదటిసారి చీపుర్ల బిల్లు తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"సామాను యాడ సారూ?" అంది.

"బడిలో ఉందమ్మా. నువ్వు సంతకం పెట్టు, చాలు."

చాలలేదు. నా వెంట బడికి వచ్చి ఒక్కొక్క చీపురూ నేలకేసి కొట్టి చూసింది. ఫినాయిలు డబ్బా మూత తీసి వాసన పట్టి మొహం చిట్లించింది. "నీళ్లు కలిపిండు సారూ. వాపస్ ఇయ్యి."

"అమ్మా, ఇంత చిన్న బిల్లుకు కూడా ఇంత పరీక్షనా?"

"ఇంట్ల చింతపండు కొన్నా ఒక రెక్క నోట్లేసుకుని సూడనా? గిది గూడ గంతే."

చేత్తో తాకనిదే ఆమె దేనికీ సంతకం పెట్టేది కాదు. నాకు ఒళ్లు మండేది. తోటి టీచరు దగ్గర ఆమెకు 'ఆడిటరమ్మ' అని పేరు పెట్టి నవ్వేవాణ్ణి. తెలివి నాకే ఉందనుకునే వయసు అది.

ఒక ఏడు మరమ్మతుల నిధులు మార్చి ఆఖరి వారంలో వచ్చాయి. రెండు గదుల్లో నేను పాఠం చెప్పే గది కప్పు అప్పటికే పాడై ఉంది. పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడి, చూస్తేనే భయం వేసేది. నెలాఖరులోగా ఖర్చు చేసి, పని పూర్తయిందని ధ్రువపత్రం పెట్టకపోతే డబ్బు మొత్తం వెనక్కి పోతుంది. ఖాతాలో సున్నా మిగులుతుంది. వారంలో కప్పు బాగుచేసే మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? చుట్టుపక్కల బళ్ల వాళ్లు అందరూ చేసేదే నేనూ చేశాను. ఒక కాంట్రాక్టరు దగ్గర ముందే బిల్లు రాయించుకుని, డబ్బు అతని ఖాతాకు పంపి, పని సెలవుల్లో చేయించుకోవడం. గుంపులో గోవిందా.

బాలకిష్టమ్మ చెలకలో పల్లికాయ తెంపుతుంటే గట్టు మీద నిలబడి కాగితాలు చాపాను.

"సూడకుంటనా సారూ?"

"పైసలు వాపస్ పోతయమ్మా. పిల్లల పైసలు. సెలవులల్ల పని అయిపోతది. అయినట్టే అనుకో."

ఆమె తెంపుతున్న కాయలు పక్కన పెట్టింది. మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని, "నీ మాట మీద పెడుతున్న" అని, అక్షరం తర్వాత అక్షరం పేర్చి సంతకం చేసింది. నేను బండి మీద ఈల వేసుకుంటూ తిరిగొచ్చాను. సిగ్గుపడాల్సిన మాటే అయినా చెబుతున్నాను.

సెలవుల్లో కాంట్రాక్టరు మొదట రేపు అన్నాడు, తర్వాత కూలీలు లేరన్నాడు, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. జూన్‌లో బడి తెరిచేనాటికి కప్పు అలాగే ఉంది. నాకు నిద్ర కరువైంది. మరమ్మతు కావాలని పైవాళ్లకు రాద్దామంటే, పూర్తయిందని రాసిచ్చింది నేనే. రాయకపోతే కింద పద్దెనిమిది మంది పిల్లలు. వాళ్లను గోడవారకు జరిపి కూర్చోబెట్టి, పాఠం చెబుతూ పైకే చూసేవాణ్ణి. బల్లి కదిలినా గుండె జారిపోయేది.

మంజుల ఇంట్లో ఏం చెప్పిందో గానీ ఒకరోజు బాలకిష్టమ్మ బడికి వచ్చింది. కప్పు చూసింది. నేరుగా వెళ్లి, చువ్వలు తేలిన చోట సరిగ్గా కిందనే చాప వేసుకుని కూర్చుంది.

"అమ్మా, ఆడ కూసోకు. లెవ్వు!" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఎందుకు సారూ? కాయితం మీద బాగైంది గద. నీది ఉన్నది, నాది ఉన్నది సంతకం. భయమెందుకు?"

పిల్లలు మమ్మల్నే చూస్తున్నారు. నేను బతిమాలితే లేచింది. "పైవాళ్లకు నువ్వు రాస్తవా, నన్ను పోయి చెప్పమంటవా?" అని అడిగింది.

"రెండు దినాలు టైమియ్యమ్మా. నా నౌకరి పోతది."

"రెండే," అంది. సుద్దముక్క తీసుకుని, ప్రమాదమున్నంత మేర నేల మీద పెద్ద గీత గీసి, "గిది దాటినోళ్ల కాళ్లు ఇరగ్గొడ్త" అని పిల్లలను బెదిరించి వెళ్లింది.

రెండు రోజులూ నేను కాగితం ముందు కూర్చున్నాను, రాయలేదు. సస్పెన్షన్, ఇంటి అప్పు, బంధువుల మాటలు, అన్నీ కళ్ల ముందు తిరిగేవి. రెండో రోజు మధ్యాహ్నం పిల్లలు భోజనానికి వరండాలో వరుసగా కూర్చున్నారు. లోపల బండరాయి పడ్డట్టు చప్పుడైంది. గది నిండా దుమ్ము. ఆ గది పిల్లల తలలు లెక్కపెట్టాను. పదిహేడు. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడే. ఆ నాలుగైదు క్షణాల్లో నేను ఏమైపోయానో ఇప్పటికీ మాటల్లో చెప్పలేను. బోరింగు దగ్గర ప్లేటు కడుక్కుని మంజుల వస్తుంటే అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

సాయంత్రంలోగా మొత్తం రాసి మండల కార్యాలయంలో ఇచ్చి వచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, పట్టుకున్నాను. కాంట్రాక్టరు అదే సాయంత్రం ఫోను చేశాడు, ఇప్పుడు మాత్రం అతనికి తీరిక దొరికింది. "ఆ చైర్మనమ్మకు చదువు రాదు గద సార్. విచారణకొస్తే పని అయిందని ఆమెనే చెప్పిందని రాసియ్యి. అయిపోతది," అన్నాడు. ఒక్క నిమిషం ఆ మాట నాకు తీయగా వినిపించింది. అంత పిరికివాణ్ణి నేను.

విచారణకు వచ్చిన అధికారి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె అంది, "సంతకం నాదే సారూ. ఈ సారు అబద్ధం చెప్పిండు, నేను సూడకుండ పెట్టిన. ఇద్దరిది తప్పే." నన్ను కాపాడలేదు, తానూ తప్పించుకోలేదు. నాకు రెండు ఇంక్రిమెంట్లు పోయాయి. పైవాళ్లు గట్టిగా పట్టుకుంటే కాంట్రాక్టరు దిగొచ్చి, దసరాలోపు కప్పు బాగుచేశాడు.

ఇంజినీరు వచ్చి చూసి బాగుందన్నాడు. కొత్త ధ్రువపత్రం పట్టుకుని ఈసారి నేనే ఆమెను గదిలోకి తీసుకెళ్లాను. కట్టెతో కప్పంతా కొట్టించి చప్పుడు విన్నది. బల్ల ఎక్కి చేత్తో తడిమింది. సంతకం పెడుతుందని పెన్ను అందించాను.

"నీకు బిడ్డ ఉన్నది గద సారూ?"

"ఉంది. వనపర్తిల ప్రైవేటు బడికి పోతది."

"ఒక్క దినం తోల్కరా. ఈడ కూసోబెట్టు. అప్పుడు పెడ్త."

మరుసటి రోజు నా కూతురిని తీసుకెళ్లాను. తొమ్మిదేళ్లది. మంజుల పక్కన, సరిగ్గా ఆ చోటనే కూర్చుని కొత్త స్నేహితురాలితో గుసగుసలాడుతోంది. కప్పు గట్టిదని ఇంజినీరు చెప్పాడు, నేనూ చూశాను. అయినా బడి విడిచే గంట కొట్టేదాకా పాఠం చెప్పలేకపోయాను. గుమ్మంలో నిలబడి నా బిడ్డ తలనూ, దాని పైనున్న కప్పునూ చూస్తూ ఉండిపోయాను.

బాలకిష్టమ్మ నా వెనకే నిలబడింది. "ఎట్లున్నది సారూ?" అంది మెల్లగా.

"భయమైతుందమ్మా."

"మాకు రోజూ గట్లనే ఉంటది," అని నా జేబులోని పెన్ను తీసుకుంది.

ఆమె పోయి రెండేళ్లవుతోంది. నా కూతురు హైదరాబాదులో ఇంజినీరింగు చదువుతోంది, ఆ రోజు దానికి గుర్తు కూడా లేదు. నాకు మాత్రం ఏ ధ్రువపత్రం మీద పెన్ను పెట్టినా, కాగితం మీద మొదట కనిపించేది రెండు జడలు వేసుకున్న ఆ తొమ్మిదేళ్ల తలే.