మెట్ల మీది జోలపాట

ఇవాళ అందరూ పెద్ద దర్శకుడంటున్న ఆయన, డెబ్బైలలో తన తొలి సినిమాల్లో ఒకదాన్ని గన్నవరంలోని మా ఇంట్లో తీశారు. అదొక థ్రిల్లర్. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఇల్లాలికి మేడ మీద ఎవరో తిరుగుతున్నట్టు అనిపించడమే కథ. డ్యూయెట్లు లేవు, సెట్టింగులు లేవు. వాద్యబృందాన్ని పెట్టుకునే స్తోమత కూడా లేదు.

షూటింగ్ చివరి రోజు మధ్యాహ్నం ఆయన వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "అమ్మగారూ, మీకేమైనా జోలపాటలు తెలుసాండీ?" అని మా అమ్మనడిగారు.

"తెలుసు బాబూ. కానీ మావారు పోయాక పాడటం మానేశాను," అంది అమ్మ. నిజమే, చర్చిలో అందరూ పాడుతున్నా ఆమె పెదవి కదిపేది కాదు.

"బాగా పాడక్కర్లేదండీ. ఖాళీ ఇంట్లో ఎవరో పాడుకుంటున్నట్టు ఉంటే చాలు. జనం దానికే ఎక్కువ భయపడతారు."

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. టేపు రికార్డరు తిరుగుతుంటే, చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చిన పాట అందుకుంది. గొంతు వణికింది. ఆయన ఆపబోతే, "ఉండండి బాబూ, వస్తోంది," అని మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా పాడింది. నేను గోడకి ఆనుకుని ఏడ్చేశాను.

ఆ సినిమా బెజవాడలో వారం కూడా ఆడలేదు. ఎత్తేసేలోపే మేం వెళ్ళి చూశాం. తెరమీద ఖాళీ మెట్లు కనిపించి, ఆ పాట వినపడగానే హాలంతా బిగుసుకుపోయింది. అమ్మ పక్క సీట్లో ఉన్నావిడ చెవులు మూసుకుని, "అమ్మో, ఎవరండీ ఆ పాడేది? ఒళ్ళు జలదరిస్తోంది!" అంది.

అమ్మ ఆవిడ వైపు వంగి, నవ్వుతూ, "నేనేనండీ," అంది.