పిస్తోలన్న

మొన్న నాతో పనిచేసి రిటైరైన ఆవిడ ఒకరు పిల్లలతో కలిసి విశాఖపట్నం నుంచి వస్తే, పలకరించి వద్దామని వాళ్ళు దిగిన హోమ్‌స్టేకి వెళ్ళాను. ఈమధ్య మా అరకులో కొండకొకటి చొప్పున లేచిన, కాంక్రీటుకి మట్టిరంగు పూసిన ఇళ్ళలో అదొకటి. వరండా గోడకి ఒక విల్లూ, రెండు చేటలూ, ధింసా ఆడేవాళ్ళ గజ్జెలూ తగిలించి, వాటి మధ్య అద్దాల పెట్టెలో పాతకాలం ఎయిర్ పిస్టల్ ఒకటి పెట్టారు. గొట్టం మడిచి స్ప్రింగు బిగించి పేల్చే రకం. నేను దానివంకే చూస్తున్నానని గమనించిన యజమాని కుర్రాడు, ఇలాంటివి ఇప్పుడు దొరకవు ఆంటీ, పాత వస్తువులు సేకరించేవాళ్ళు పోటీలుపడి కొంటున్నారు అంటూ పెట్టె తెరిచి నా చేతిలో పెట్టబోయాడు. నేను చేతులు వెనక్కి తీసేసుకున్నాను. ఆ కుర్రాడు నేను భయపడ్డాననుకుని నవ్వాడు. తొంభైల్లో మా ఏజెన్సీలో ఉద్యోగాలు వెలగబెట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, నాకొచ్చింది భయం కాదని మీకు తెలుస్తుంది. ఒళ్ళు మంట.

మా అన్న మాస్టారు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాడు, కొండ అవతలి ఊళ్ళో ఒక్క గది బడికి ఒక్కగానొక్క పంతులు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఆ కాంపౌండులో ఉండే ముసలి దొర ఒకాయన, నారింజ చెట్ల మీదికొచ్చే కోతుల్ని అదిలించడానికి ఒక ఎయిర్ పిస్టల్ వాడేవాడట. ఆయన తన దేశం వెళ్ళిపోతూ సామానంతా పంచేస్తే ఒకరికి గొడుగు వచ్చింది, ఒకరికి గోడగడియారం వచ్చింది, మా అన్నకి పిస్తోలు వచ్చింది. ఎవరి నుదుట ఏది రాసుంటే అది.

అది అందమైన వస్తువు, కాదంటే అబద్ధమవుతుంది. నీలం తిరిగిన నల్లటి ఇనుము, దొరగారి అరచెయ్యి రాసుకుని రాసుకుని నునుపెక్కిన చెక్కపిడి, చూస్తే చిన్నదే అయినా చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి దిగిపోయేంత బరువు, దగ్గరికి తీసుకుంటే కుట్టుమిషన్ నూనె వాసన. గొట్టం పట్టుకుని కిందికి విరిచినట్టు మడిస్తే లోపల స్ప్రింగు అణిగేది, ఆ మడవడానికే మనిషి బలమంతా కావాలి. వెనకవైపు కన్నంలో నడుం సన్నంగా ఉండే సీసపు గుండు ఒకటి పెట్టి గొట్టం మూస్తే టక్కుమని చప్పుడయ్యేది. ఆ టక్కు కోసమే మా అన్న దాన్ని గుండు లేకుండా కూడా మూసి తెరిచి, మూసి తెరిచి, మా అమ్మ చేత తిట్లు తినేవాడు. మందు లేదు, పొగ లేదు, నిప్పు లేదు. ఉన్నదల్లా గాలి. బడిపిల్లలకి గాలికి బలం ఉంటుందని పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళి, బోర్డు కింద వేలాడదీసిన కాగితానికి కన్నం పెట్టి చూపించేవాడట. పిల్లలు ఆ పాఠం మళ్ళీ చెప్పమని రోజూ అడిగేవారట.

ఇక దాని పస ఎంతో కూడా చెప్పాలి. స్ప్రింగు వదిలీ వదలగానే పిస్తోలు ముందు వెనక్కి తన్ని, వెంటనే ముందుకి గెంతేది, గుండు ఇంకా గొట్టంలో ఉండగానే. అందుకని బిగించి పట్టుకున్నవాడికి గురి కుదిరేది కాదు, కోడిపిల్లని పట్టుకున్నట్టు వదులుగా పట్టుకోవాలి అనేవాడు మా అన్న. అలా పట్టుకున్నా సరే, మా పెరట్లో పనసచెట్టు దాటాక గుండు ఎక్కడ పడిందో ఆ దేవుడికే ఎరుక. నూనెడబ్బాకి తగిలితే సొట్ట పడేదే తప్ప కన్నం పడేది కాదు. లోపలి తోలు వాచరు ఎండితే గాలి తుస్సుమనేది. మా అరకు మంచుకి, వానకి వారం పట్టించుకోకపోతే తుప్పు పట్టేది. గుళ్ళు కావాలంటే కిరండోల్ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళేవాళ్ళని బతిమాలాలి. ఒకసారి గుళ్ళు అయిపోతే మా అన్న మిరియపు గింజ పెట్టి పేల్చాడు. గింజ గొట్టంలోనే పొడైపోయి, ఆయనకి తుమ్ములు పట్టుకుని, మా వదిన నవ్వలేక కూలబడిపోయింది. అలాంటి ఆయుధం అది.

మా అమ్మ చర్చి మనిషి. మా అన్న ఆదివారం చర్చికీ వెళ్ళేవాడు, చైత్రంలో ఇటుకల పండగకీ వెళ్ళేవాడు, ఇద్దరు దేవుళ్ళకీ కోపం రాకుండా చూసుకునేవాడు. ఆ పండగ తెలియని వాళ్ళకి చెబుతాను. ఆ రోజుల్లో మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఏదైనా కొట్టి తెస్తే డప్పులతో ఎదురెళతారు. ఉత్తచేతులతో వస్తే మాత్రం ఆడవాళ్ళు ఊరి పొలిమేరలోనే పేడనీళ్ళు జల్లి, పాటలు కట్టి ఏడిపిస్తారు. ఎవరూ ఏమీ అనుకోకూడదు, అది పండగ మర్యాద. ఆ ఏడు ఊరి కుర్రాళ్ళు, మాస్టారి పిస్తోలు ఉండగా మనకి విల్లెందుకని మా అన్నని ఎగదోసి తీసుకుపోయారు. ఆయనకీ సరదాగానే ఉండింది. పొద్దు తిరిగాక తిరిగొచ్చారు. అడవికోడి ఒకటి ఎదురుగా వచ్చి నిలబడిందట, మా అన్న గురిచూసి కొట్టాడట, గుండు రెక్కకి తగిలిందట కూడా. కోడి ఒకసారి ఒళ్ళు దులుపుకుని, ఇటు చూసి, తన దారిన తాను పోయిందట.

పేడనీళ్ళు సరే. పాట కట్టింది మా వదిన. ఆవిడ నోరు పాటల పుట్ట. కానీ మొగుడి పేరు పెళ్ళాం పలకకూడదు గదా, ఎంత పండగైనా. అందుకని మేము అన్నా అని పిలిచే పిలుపునే తీసుకుని, ఆడపడుచుల నోట పాడినట్టుగా కట్టింది.

పిస్తోలన్న ఒచ్చినాడే, పక్కకి జరగండే
అడివికోడి సూసినాదే, పక్కున నవ్వినాదే

ఊరంతా అందుకుంది. మా అన్న కూడా పేడనీళ్ళు కారుతూనే తాళం వేశాడు. ఆ సాయంత్రం ఉన్నంత సంతోషంగా మా ఇల్లు మళ్ళీ ఎప్పుడూ లేదు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. అన్న అనే మాటకి ఆ కాలంలో మా కొండల్లో రెండు అర్థాలు ఉండేవి. తోడబుట్టినవాడు ఒకటి. అడవిలో తుపాకులు పట్టి తిరిగే దళంవాళ్ళు రెండు. అన్నలొచ్చారు అంటే పెళ్ళికి వచ్చిన చుట్టాలని ఎవరూ అనుకునేవారు కాదు. ఇంట్లో ఒక అర్థం, రోడ్డు మీద ఒక అర్థం. మేము ఇంట్లో మాటని రోడ్డు మీద పాడాం.

పండగ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పట్టి, వచ్చే బండినల్లా ఆపి, ఒక పాట పాడి ఏదో ఒకటి పుచ్చుకుని వదిలిపెట్టడం కూడా ఆచారమే. మర్నాడు అలాగే ఒక జీపు ఆపాం. అందులో ఉన్నవాళ్ళు మామూలు బట్టల్లోనే ఉన్నారు. క్రాపు చూసైనా తెలుసుకోవలసింది, అందరికీ ఒకే కత్తెర. మా వదిన హుషారు మీద ఉండి ఆ కొత్తపాటే ఎత్తుకుంది. వాళ్ళు రెండుసార్లు పాడించుకున్నారు. నవ్వుతూనే, ఎవరమ్మా ఈ పిస్తోలన్న అని అడిగారు. వదిన మరింత మురిసిపోయి, "ఏటి బావూ, మాకు తెల్దేటి? ఆ పనసచెట్టు కాడ ఇల్లే. కావలిత్తే సూసెల్లండి" అంది. వాళ్ళు మాకు నోటు ఇచ్చారు. మేము బొంగు ఎత్తాం. ఆ నోటుతో బెల్లం కొనుక్కుని తిన్నాం.

ఆ మరుసటి రోజు అంబలి వేళకి ఇంటికొచ్చారు, ఈసారి ఖాకీ బట్టల్లో. పిస్తోలు ఏదని అడిగారు. మా అన్న, పాట విని చూడ్డానికి వచ్చారనుకున్నాడు. లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి తీసి, గుడ్డతో తుడిచి, మడత దగ్గర నూనె చుక్క కూడా వేసి తెచ్చి, బిగించి పట్టుకోకండి సార్, గురి తప్పుతుంది అని చెప్పి మరీ చేతికిచ్చాడు. ఆ మాట పూర్తి కాకుండానే చెంప మీద కొట్టారు.

స్టేషన్లో ఏం జరిగిందో మా అన్న బతుకంతటిలో ఒక్కసారే చెప్పాడు, అది కూడా కొంతే. ఎస్సై ఆ పిస్తోలు మడిచి, గుండు పెట్టి, గోడకున్న కేలెండరు మీద పేల్చాడట. కాగితం చిరిగి, గుండు గోడకి తగిలి కిందపడి దొర్లిందట. అందరూ విరగబడి నవ్వారట. అంటే వాళ్ళకి తెలుసు. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది అదే. తెలియక చేసినవాడిని ఏదో ఒకనాడు క్షమించవచ్చునేమో, నవ్వి మరీ చేసినవాడిని ఏం చెయ్యాలి? పిస్తోలు దొరికిందని అప్పటికే పైవాళ్ళకి కబురు చేసేశారట. పైకి వెళ్ళిన కబురు కిందికి ఎలా దిగుతుంది? మా అన్నే దిగాడు. మర్నాడు పేపర్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఆ పిస్తోలు ఫోటో, పక్కన ముఖానికి తువ్వాలు చుట్టిన మా అన్న. దాన్ని మారణాయుధమని రాశారు. పిల్లలకి గాలి పాఠం చెప్పినదాన్ని ఆయుధాల్లో తర్ఫీదు అని రాశారు. అడవికోడి ఈకైనా ఊడదియ్యలేని వస్తువు అది.

చైత్రంలో తీసుకుపోయినవాడిని కాఫీపళ్ళు ఎర్రబడే చలిరోజులకి వదిలారు. కేసు నిలవదని వాళ్ళకి ముందే తెలుసు గనక కోర్టు కొట్టేస్తుంటే అడ్డుపడనూలేదు. వేటకి ఎగదోసి తీసుకుపోయిన కుర్రాళ్ళెవరూ మాకోసం నోరెత్తలేదు. వాళ్ళని ఏమీ అనలేను, అనకుండా ఉండనూలేను. మా అన్న కుడిచెయ్యి మాత్రం మరి భుజం దాటి పైకి లేవలేదు. కొన్నేళ్ళకి ఉద్యోగం తిరిగి ఇచ్చారు గానీ, బోర్డు కింది సగంలోనే రాసేవాడట.

ఆయన గుమ్మంలోకి వచ్చిన రోజు నేను అన్నా అని అరుచుకుంటూ ఎదురు పరిగెత్తాను. మా అమ్మ వెనకనుంచి వచ్చి నా నోరు అరచేత్తో మూసేసింది. "ఇంకెప్పుడూ ఆ పిలుపు పిలవకు. అందరిలాగే మాస్టారూ అను" అంది. నేను ఆయనవంక చూశాను, వద్దంటాడేమోనని. ఆయన తలవంచుకుని, "అమ్మ సెప్పినట్టు ఇనుకో" అన్నాడు. మా వదినని మాత్రం అమ్మ వదల్లేదు, నీ నోరే నా కొడుకుని తినేసిందని కనబడినప్పుడల్లా అనేది. వదిన చాన్నాళ్ళు ఊరుకుని ఊరుకుని ఒకనాడు, "పేరెట్టి పాడుంటే సరిపోను అత్తా" అంది. అంతే. ఆ తరవాత ఆవిడ నోట పాట వినలేదు, ధాన్యం దంచేటప్పుడు కూడా. మర్యాద పాటించి చెడిపోయిన ఆడది మా వదిన ఒక్కతే అయి ఉండాలి.

ఇప్పుడు అన్న అనే మాటకి భయం పోయింది. సంతలో ఉల్లిపాయలమ్మేవాడు అన్న, జీపు డ్రైవరు అన్న, చేతులు జోడించి ఫ్లెక్సీల మీద నవ్వే ప్రతివాడూ అన్నే. ఇటుకల పండగకి టూరిస్టులు వస్తున్నారు, బొంగు దగ్గర ఆడపిల్లలు వాళ్ళకి నచ్చిన పాటలు పాడి వీడియోలు తీయించుకుంటున్నారు, ఎవరి ఇల్లెక్కడని ఎవరూ అడగటం లేదు. కాలం మంచిదైందని సంతోషించాలి కదా. నాకు సంతోషం రాదు. అంత తేలిగ్గా పోయే భయానికి మా ఇల్లెందుకు బలి కావలసి వచ్చిందా అని కడుపు రగులుతుంది. ఇదంతా రాస్తూ కాగితం మీద ఇన్నిసార్లు అన్న అని రాశాను, చెయ్యి తిరుగుతోంది, నోరే తిరగదు. ఒక వయసు వచ్చాక ఆయనే, ఇంకేటి భయమే, అన్నా అనొచ్చు కదా అని నవ్వుతూ అడిగాడు. ప్రయత్నించాను. ఇద్దరికీ సిగ్గేసింది.

పోయిన వానాకాలం ఆయనకి మట్టి ఇచ్చాం. పెట్టె దించుతుంటే ఒక్కసారి గొంతెత్తి పిలుద్దామని నోరు తెరిచాను, మాస్టారూ అనే వచ్చింది. దూరపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నన్ను చూపించి మా వదినని అడిగారట, అంతలా ఏడుస్తున్న ఆవిడ ఎవరమ్మా, మాస్టారి దగ్గర చదువుకుందా అని.