పై పోర్షన్‌కే వేడినీళ్లు

తిరుపతిలో చలి ఉంటుందంటే బయటి ఊళ్లవాళ్లు నవ్వుతారు. నవ్వేవాళ్లంతా మే నెలలో వచ్చి పోయినవాళ్లు. ధనుర్మాసంలో కొండ దిగి వచ్చే గాలి మా వీధి మలుపు తిరిగేటప్పుడు ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలియదు. ఆ గాలికి మా ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టి, గడ్డపారతో తవ్వుకోవాల్సి వస్తుంది. ఎదురింటి కుక్క మొరగడానికి నోరు తెరిచి, లోపలికి పోయే చలి చూసి మనసు మార్చుకుని మూసేయడం నేను కళ్లారా చూశాను.

ఆ చలికి భయపడే మిద్దె మీద సోలార్ హీటర్ పెట్టించాను. ఒకటే తొట్టి, రెండు పైపులు. ఒకటి పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల స్నానాలగదికి నిటారుగా దిగుతుంది. రెండోది మాది. అది మిద్దె చుట్టూ ప్రదక్షిణ చేసి, పడమటి గోడ పట్టుకుని, వెనక వసారా మీదుగా, దారిలో ఎవరినో పలకరించి వస్తున్నట్టుగా తీరిగ్గా కింద మా స్నానాలగదికి చేరుతుంది. పెట్టిన రోజు ప్లంబరు, "రెండిండ్లకీ సమానంగా వస్తాదన్నా, తక్కెట్లో తూసినట్టు" అన్నాడు. తక్కెడ మాట ఎత్తినప్పుడే నేను అనుమానించి ఉండాల్సింది.

మా నాయనకు ఎనభై దాటాయి. మా అమ్మ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నాడు. తెల్లవారి ఐదుకు స్నానానికి పోతాడు, ఐదున్నరకు పళ్లు టకటకలాడించుకుంటూ బయటికి వస్తాడు. వారం రోజులు వరసగా ఒకటే మాట.

"రేయ్, సన్నీళ్లు."

ఎనిమిదో రోజు మంచం కింద నుంచి గుడ్డసంచి లాగి, రెండు పంచెలు మడిచి పెట్టుకున్నాడు.

"సోమారం దాకా సూస్తా. అప్పుటికీ ఇట్నే ఉంటే సిత్తూరికి పోతా. పాపింట్లో కట్టెల బాయిలర్ ఉండాది. కాగిన నీళ్లు కాగినట్టే వస్తాయి."

పాప అంటే మా చెల్లెలు. చిత్తూరు మాకు ఏడు సముద్రాల అవతల ఏమీ లేదు, రెండు గంటలు కూడా పట్టని బస్సు ప్రయాణం. అయినా నాకు గుండెల్లో రాయి పడింది. రోజూ పది గంటలకు నాయన పేపరు పైకి చదువుతాడు, నేను ప్రతి వార్తనూ ఖండిస్తాను. ఆ పోట్లాట లేకపోతే నాకు టిఫిను అరగదు. ఇరవై నాలుగు గంటలూ నాతో ఏకీభవించే ఇంట్లో మనిషి ఎట్లా బతకాలి? మా ఆవిడ ఏకీభవించదు, నిజమే. కానీ ఆమె వాదించదు కూడా. ఊరికే చూస్తుంది.

సోమవారానికి నాలుగు రోజులే ఉన్నాయి. దర్యాప్తు మొదలుపెట్టాను.

"ఆరింటికి నువ్వు పోసుకుంటావే, నీకెట్లా వస్తా ఉండాయి?" అని మా ఆవిడను అడిగాను.

"నాకు బాగా కాలతా ఉండాయే."

అదే నాకు దొరికిన మొదటి ఆధారం. ఐదింటికి చల్లన, ఆరింటికి వేడి. మధ్యలో సూర్యుడు రాలేదు. కాబట్టి ఎవరో ఐదుకు మా పైపు వాల్వు మూసి, ఆరుకు తెరుస్తున్నారు. నా అనుమానితుల జాబితాలో పై పోర్షన్ ఆయన ఉన్నాడు. కొండ మీద ఉద్యోగం, తెల్లవారుజాము బస్సుకే వెళ్లిపోతాడు, మనిషి మరీ మంచివాడు, అదే అనుమానం. ఆయన భార్య ఉంది. మా ఆవిడకు చింతాకు పప్పు పంపుతుంది. మా ఆవిడ ఆ గిన్నెలో ఉలవచారు పోసి తిరిగి పంపుతుంది. అంటే వీళ్ల మధ్య రాకపోకలున్నాయి, ఒప్పందాలు ఉండవచ్చు. అందుచేత మా ఆవిడనూ జాబితాలో చేర్చాను. ప్లంబరును చేర్చాను. కాసేపు సూర్యుణ్ని కూడా చేర్చి, సాక్ష్యం లేక తీసేశాను.

శనివారం సాయంత్రం మిద్దెక్కి, వాల్వు పిడి మీద బియ్యప్పిండితో సన్నని గీత గీశాను. ఎవరు ముట్టుకున్నా గీత చెరగాలి. ఆదివారం పొద్దున చూస్తే గీత లేదు! చెదిరిపోవడం కాదు, తుడిచినట్టుగా మాయం. ఇంకేం కావాలి? మరునాడే సోమవారం. తెల్లవారి నాలుగున్నరకే గొంగడి కప్పుకుని, ఉన్ని టోపీ కళ్లదాకా లాక్కుని, తొట్టి వెనక నక్కి కూర్చున్నాను.

ఐదు గంటలకు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. పై పోర్షన్ ఆవిడ. మెట్ల లైటు వేసి వచ్చింది, చేతిలో తడిబట్టల బకెట్టు. నేను బాగా చూద్దామని కొంచెం తల ఎత్తాను.

"అయ్యో కోతి! కోతి!" అని కేకేసి ఆమె తడి దుప్పటి తీసి నా మీదికి విసిరింది. మా ఊళ్లో కోతుల్ని తోలడం చిన్నప్పటి నుంచీ అందరికీ అలవాటే. గురి తప్పదు.

"నేనేమ్మా, నేనే!" అన్నాను దుప్పటిలోంచి.

"అన్నా! ఈ సలిలో ఈడేం జేస్తా ఉండారు?"

"వాల్వు సూస్తా ఉండా."

"అది యాడికి పోతాదన్నా?"

ఇక దాచి లాభం లేదని సూటిగా అడిగాను. "రోజూ ఐదింటికి ఎవురో దీన్ని మూసేస్తా ఉండారు. మొన్న నేను పెట్టిన పిండి గీత తుడిచేసినారు. ఎవురు?"

ఆమె నన్నూ, వాల్వునూ, తొట్టి కాలినీ మార్చిమార్చి చూసింది. వేలు పెట్టి చూపించింది. పిడి మీది నుంచి తొట్టి కాలు వెంబడి బారుగా చీమలు దిగుతున్నాయి. ఒక్కో చీమ నోట్లో ఒక్కో తెల్లని పలుకు. పిడి కింద నేను రాల్చిన పిండిని రెండో రోజు కూడా మోస్తున్నాయి.

"అదో, మీ దొంగలు" అంది. తర్వాత దుప్పటి తీసుకుంటూ, "కోపం జేసుకోనంటే ఒక మాట సెప్తాన్నా. పెద్దాయన స్నానానికి పోయినాక అర్ధగంట సేపు మాకు ఆ బకెట్టు సప్పుడే ఇనపడతా ఉంటాది. కొళాయి ఇప్పినట్టే ఉండదు. పిల్లి పాలు తాగినట్టు సన్నగా. ముందు ఆ కొళాయి పోయి సూడండి."

నేరస్థులు ఎప్పుడూ దర్యాప్తును దారి మళ్లిస్తారు. అయినా దిగి వెళ్లాను.

స్నానాలగది తలుపు ఓరగా ఉంది. నాయన పీట మీద గోచితో కూర్చుని, వణుకుతూ, బకెట్టునే చూస్తున్నాడు. కొళాయిలోంచి నీళ్లు వస్తున్నాయి అనడం అతిశయోక్తి, నాకే నచ్చని అతిశయోక్తి. సూదిలో ఎక్కించేంత దారం ఒకటి తెగకుండా దిగుతోంది. నాకు అంతా ఒక్కసారి అర్థమైంది. మిద్దె మీద పొగలు కక్కుతూ బయల్దేరిన నీళ్లు ఆ పొడుగాటి పైపులో నత్తనడకన వస్తున్నాయి. పడమటి గోడ దగ్గరికి గోరువెచ్చన, వసారా దగ్గరికి చల్లన, బకెట్లోకి వచ్చేసరికి తాము ఎప్పుడైనా కాగామన్న సంగతే వాటికి గుర్తు లేదు. మా ఆవిడ కొళాయి బార్లా తిప్పుతుంది, కాబట్టి ఆమెకు కాలతాయి.

చెయ్యి చాపి కొళాయి పూర్తిగా తిప్పాను.

"ఆపురా! రేయ్, ఆపు! నీళ్లు పోతా ఉండాయి!" నాయన పీట మీది నుంచి లేచి, రెండు చేతులతో మూసేశాడు.

"నాయనా, పైపులో రాత్రంతా నిలిచిన సన్నీళ్లు ఒకటిన్నర బకెట్టు పోవల్ల. ఆనెక వేణ్ణీళ్లు వస్తాయి."

"ఒకటిన్నర బకెట్టు మోరీలోకి ఒదిలి, నేను వేణ్ణీళ్లు పోసుకోవల్నా? అట్లాంటి స్నానం నాకొద్దు. సన్నీళ్లయినా పోసుకుంటా, లేదంటే పాపింటికి పోతా."

ఆయన పెరిగిన ఊళ్లో కరువు వచ్చిన ఏడాది ఊరంతటికీ ఒకటే బావి. చిన్నపిల్లల్ని తాడు కట్టి అడుగుకు దించేవాళ్లు. ఊట నీళ్లు టెంకాయ చిప్పతో తోడి కడవకు పోయాలి. ఒక కడవ నిండేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేదట. ఆ చెయ్యి ఈ డెబ్బై ఏళ్లలో ఏ కొళాయినీ దారం కంటే లావుగా తిప్పలేదు. ఇన్నాళ్లూ మేం ఎవరమూ చూడలేదు, అంతే. చలికి ఓర్చుకోగలడు కానీ పారే నీళ్లకు ఓర్చుకోలేడు.

కారణం దొరికింది, సంచి మాత్రం మంచం మీదే ఉంది.

ప్లంబరును పిలిపించాను. పైపు పొడుగునా నల్లటి స్పాంజి గొట్టం తొడిగాడు. "ఇంక దారిలో వేడి దిగదన్నా. అయినా నిలవున్న నీళ్లు మొదట సల్లగానే వస్తాయి, అది దేవుడు కూడా ఆపలేడు."

"మరి ఈ గొట్టం మొదట్లోనే ఎందుకు తొడగలేదప్పా?" అని గట్టిగా అడిగాను. ఇతని మీద అనుమానం నేను ఇంకా వదల్లేదు.

"మీరే వద్దంటిరి గదన్నా. పైపుకు పంచె కట్టేదెందుకురా అని నవ్వితిరి."

ఆ సంగతి అక్కడితో వదిలేశాం.

స్నానాలగదిలో కొళాయి పక్కన నీలం డ్రమ్ము పెట్టి, "నాయనా, మొదట వచ్చే సన్నీళ్లు దీంట్లో పట్టుకో. చుక్క పోదు. వేణ్ణీళ్లు వచ్చినాక వాటిల్లో కలిపి తొలుపుకునేదానికి ఇవే వాడుకో. మిగిలితే బట్టలకు" అన్నాను. నాయన డ్రమ్మును చుట్టూ తిరిగి చూశాడు. అడుగున బెజ్జం ఉందేమోనని వంగి చూశాడు.

మంగళవారం ఐదుకు తలుపు బయట నేనూ మా ఆవిడా నిలబడ్డాం. లోపల దారం చప్పుడు. తర్వాత కాస్త లావు దారం. తర్వాత, నా జీవితంలో మొదటిసారి, మా నాయన తిప్పిన కొళాయి భోరుమంది. డ్రమ్ములోకి, తర్వాత బకెట్లోకి.

"రేయ్!" అని కేక. "కాలతా ఉండాదిరా! తోలు ఊడిపోతా ఉండాది!"

ఆయన నోట ఇంత కమ్మని ఫిర్యాదు నేను ఎన్నడూ వినలేదు. ఆ సాయంత్రం రెండు పంచెలూ సంచిలోంచి దండెం మీదికి వచ్చాయి. పై పోర్షన్ ఆవిడ మాత్రం ఇప్పటికీ బట్టలు ఆరేయడానికి వచ్చేముందు మెట్ల మీదే గట్టిగా దగ్గుతుంది.

అంతటితో ఇంట్లో అనుమానం పోయిందనుకుంటే పొరపాటు, చేతులు మారింది. నాయన డ్రమ్ము లోపల బొగ్గుతో గీత గీశాడు. రోజూ పది గంటలకు, పేపరు తెరిచే ముందు, వెళ్లి చూసి వస్తాడు.

"పొద్దున గీత కాడ ఉండినాయి. ఇప్పుడు రెండు వేళ్ల మందం దిగినాయి. ఎవురు పారబోసినారు?"

మా ఆవిడ ఊరికే చూసింది.

"చీమలు తాగుంటాయి నాయనా" అన్నాను.

తొట్టి వెనక కూర్చుని నేను వాల్వును ఎట్లా చూశానో, సరిగ్గా అట్లాగే ఆయన నన్ను చూశాడు. అట్లా చూస్తూనే పేపరు విప్పి, మొదటి వార్త చదవడం మొదలుపెట్టాడు. నేను ఖండించాను.