సముద్రం అడుగున నేనెత్తిన బొటనవేలు

అమలాపురం కాలువలో ఈత నేర్చినవాణ్ణి కదా అన్న ధీమాతో, అండమాన్‌లో గాలి సిలిండరు తగిలించుకుని సముద్రం అడుగుకి దిగేముందు, నీళ్లలో చెయ్యాల్సిన సైగల గురించి గైడు చెప్పింది నేను సరిగా వినలేదు. ఈత రాని మా ఆవిడ మాత్రం తన గైడు చెప్పిందంతా శ్రద్ధగా వింది.

కిందికి దిగాక ఇసుక కదిలి, చాపంత వెడల్పుగా, బల్లపరుపుగా ఉన్న టేకు చేప ఒకటి లేచింది. రెక్కలాడిస్తూ నా ముందునుంచే వెళ్లింది. ఆనందం పట్టలేక, అద్భుతంగా ఉందన్నట్టు గైడుకి బొటనవేలు ఎత్తి చూపించాను. అతను వెంటనే నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చేశాడు. నీళ్లలో ఆ సైగకి పైకి వెళ్లిపోదామని అర్థమట! భయపడ్డాననుకుని, పడవలో కూర్చోబెట్టి వీపు నిమిరి, మంచినీళ్లు కూడా తాగించాడు.

కాసేపటికి మా ఆవిడ వెలిగిపోతూ పడవెక్కింది.

"ఏవండీ, సొరచేపండీ! నన్ను చూసి అదే పక్కకి తప్పుకుంది. మీరేరీ అని ఎంత వెతికేనో!"

ఇంటికొచ్చాక చుట్టాలందరికీ తనే చెప్పింది. "పాపం, ఆయన భయమేసి ముందే పైకొచ్చేసేరండి."

"భయం కాదండీ, టేకు చేప నచ్చి వేలెత్తేను" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నారందరూ, ఎంతో మర్యాదగా.