లోపలి గదిలో చెల్లి మంచం

మొన్న మనవరాలికి ఆయాసం వస్తే ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి వింటూనే, "ఇంట్లో పురుగులమందు ఏమైనా చల్లుతున్నారాండీ?" అని మామూలుగా అడిగింది. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

డెబ్బయిల్లో మాది హనుమాన్ జంక్షన్‌కు కాస్త లోపలగా ఉన్న పల్లె. వరి తరవాత మినుము వేసేవాళ్ళం. విత్తనాలకు దాచిన మినుముల్లో నానమ్మ బూడిద కలిపేదట. నాన్న మాత్రం కొత్తగా వచ్చిన పురుగుల పొడి కలిపి, బస్తాలు లోపలి గదిలో పేర్చి, ఒక్క గింజ కూడా పుచ్చలేదని వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయేవారు. ఆ గదికి కిటికీ లేదు, వెచ్చగా ఉండేది. జబ్బు చేసిన పిల్లకు గాలి తగలనివ్వకూడదనే నమ్మకం మీ ఇళ్ళలో మాత్రం లేదూ? అందుకే ఉబ్బసంతో ఎగరొప్పే మా చెల్లికి ఆ బస్తాల పక్కనే మంచం వేశారు.

పసిది, దిండును కావలించుకుని కూర్చునే నిద్రపోయేది. మిరియాల కషాయం, ఆవిరి, కాంపౌండరు ఇచ్చే సూది, ఏదీ పనిచేయలేదు. దిక్కుతోచక అమ్మ గుణదల మాతకు మొక్కుకుని, చెల్లిని చంకనేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కేది. కొండ మీద కొవ్వొత్తులు వెలిగించి రెండు మూడు రోజులు అక్కడే ఉండేవాళ్ళం, అక్కడున్నన్నాళ్ళూ చెల్లి మెట్ల మీద పరుగులు తీసేది, అడిగి మరీ అన్నం పెట్టించుకునేది. ఇంటికొచ్చి లోపలి గదిలో పడుకోగానే మళ్ళీ పిల్లికూతలు మొదలు. తన మొక్కులోనే ఏదో లోటుందనుకుని అమ్మ తలనీలాలిచ్చింది, ఉపవాసాలుంది, చివరికి మోకాళ్ళ మీద కొండెక్కింది. ఇచ్చిన ఊపిరిని ఇంటిదాకా ఎందుకు రానివ్వదని నాకు ఆ మాత మీదే కోపం వచ్చేది.

ఆషాఢం ముసురులో ఒక మధ్యాహ్నం చెల్లి పెదాలు నల్లబడ్డాయి. "తలుపు తియ్యమ్మా, గాలాడట్లేదు" అని గుంజుకులాడింది. చూడలేక అమ్మ తలుపు బార్లా తీసింది. చెల్లి ముఖం కాస్త తేటపడినట్టే ఉంది. అంతలో నాన్న వాకిట్లోంచి "తలుపెయ్యవే, పిల్లకి చలిగాలి కొడతంది!" అని కేకేస్తే అమ్మ గబగబా మూసేసింది. సాయంత్రానికి చెల్లి లేదు.

ఆ పొడే ప్రాణం తీసిందని తేల్చి చెప్పేంత చదువు నాకు లేదు. పురుగు కూడా బతకని గదిలో పసిదాన్ని పడుకోబెట్టామని మాత్రం తెలుసు. ఇప్పుడు పీల్చే మందులొచ్చాయి, డాక్టర్లు పిల్ల సంగతితోపాటు ఇంటి సంగతీ అడుగుతున్నారు. మా అమ్మనెవరూ అడగలేదు. తలుపు తీసి బిడ్డను చలిగాలికి బలిపెట్టుకున్నానని ఆవిడ పోయేదాకా గుండెలు బాదుకుంది. చెల్లి కోసం తను చేసిన వాటన్నిటిలోకీ మంచిపని అదొక్కటేనని నాకు తెలిసేసరికి, చెప్పడానికి అమ్మ లేదు.