నిలబడి తినే హేమప్రియ

వేలూరులోని ఒక ఆఫీసులో హేమప్రియ పాత కంప్యూటర్ ప్రోగ్రాములను కొత్త భాషలోకి మారుస్తుంది. మధ్యాహ్నం అందరూ గుంపుగా కూర్చుని తింటే, ఆమె మాత్రం కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి నాలుగు ముద్దలు గబగబా మింగుతుంది. "ఏమ్మా, కుర్చీలో ముళ్ళుండాయా?" అని టీమ్ లీడర్ బాలాజీ ఎగతాళి చేస్తాడు. చిన్నప్పుడు సొంతూరు గుడియాత్తంలో, సైరన్ మోగేలోపు అగ్గిపెట్టెల కంపెనీకి పరుగెత్తే అమ్మ పక్కన నిలబడి తిన్నప్పటి అలవాటది. ఒకరోజు ఆ కంపెనీ హాజరు ప్రోగ్రామే ఆమె చేతికి వచ్చింది. అందులో ఒక వాక్యం దగ్గర ఆగి, బాలాజీని పిలిచింది.

"అన్నా, సైరన్ మోగినాక వచ్చినోళ్ళు పొద్దుగూకేదాకా పనిచేసినా హాజరు లేదంట. దీన్నీ కొత్తదాంట్లోకి దించాల్నా?"

"ఉండేది ఉండేట్టు దించు మా. న్యాయం చెప్పే పని మనకియ్యలేదు."

"మా అమ్మ ఆడనే పనిచేసింది అన్నా."

బాలాజీ ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె దించింది. పరీక్షిస్తే పాత జవాబూ కొత్త జవాబూ అచ్చంగా సరిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నం హేమప్రియ మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది కానీ, డబ్బా మూత తీయకుండానే పక్కకు నెట్టేసింది. ఇకమీదట గుడియాత్తంలో ఆలస్యమైన తల్లుల హాజరు కొట్టేసేది ఆమె రాసిన వాక్యమే.